ఎదురుపడని దోనెలు

బడి మెట్ల పక్క గోడ మీద మేము గీసిన సుద్దగీత ఉంది. మూడింటికి చూసినప్పుడు నీళ్లు ఆ గీతని ముట్టుకుని ఉన్నాయి. నాలుగూ పదికి మళ్లీ చూశాను. గీత కింద జానెడు మేర తడిగోడ బయటపడి ఉంది. నేను చూస్తుండగానే ఇంకో రెండు వేళ్లు దిగింది. వాన పడుతూనే ఉంది.

వరదలో నీళ్లు తగ్గితే ఎవరైనా సంతోషిస్తారు. నాకు మాత్రం అనుమానం పుట్టింది. కొల్లేటి నీళ్లు ఉప్పుటేరు గుండా సముద్రంలోకి పోవాలి. వరద రోజుల్లో అవి రోజుకి వేలెడు తగ్గితే గొప్ప. గంటలో జానెడు తగ్గాయంటే నీళ్లు ఎక్కడికో పరుగెత్తుతున్నాయి. ఎటో, మెట్ల మీద నిలబడితే తెలియదు. చుట్టూ కిక్కిస గడ్డి, దాని వెనక నీళ్లు, నీళ్ల మీద బూడిదరంగు వాన.

అప్పుడు నేను ఆర్మీలో ఇంజినీర్స్ విభాగంలో కెప్టెన్‌ని. ఇప్పుడు ఏలూరులో ఇద్దరు పిల్లల తల్లిని. ఆ ఊరి పేరు రాయను. ఆ మనుషులు ఇంకా అక్కడే ఉన్నారు.

మేము ఆ లంకకి చేరి అది మూడో రోజు. సికింద్రాబాద్ నుంచి రెండు లారీల్లో వచ్చాం. ఏలూరు దాటి కైకలూరు రోడ్డు మీద కొంత దూరం పోయాక రోడ్డు నీళ్లలోకి దిగి మాయమైంది. అక్కడ లారీలు ఆపి బోట్లు దించాం. రెండు రబ్బరు బోట్లు, రెండు మోటార్లు, ఒక రేడియో సెట్టు. మనిషికో లైఫ్ జాకెట్, తాడు, టార్చి, మూడు రోజుల పొడి రేషన్. మొత్తం పదిమందిమి. ఉత్తర్వులు నాలుగే ముక్కలు. జనాన్ని బడి మేడ మీదికి చేర్చండి. గర్భిణులని, జబ్బు మనుషులని ఏలూరు పంపండి. మిగతావాళ్లని అక్కడే ఉంచండి. చేపల చెరువుల గట్ల మీదికి ఎవరినీ పోనివ్వకండి.

ఏలూరు దాకా వచ్చి తాడేపల్లిగూడెం వెళ్లకుండా ఉండటం నాకు అదే మొదలు. భీమడోలు దాటితే ఇక మా ఊరే. రైలెక్కితే గంట కూడా పట్టదు. అక్కడ మా అమ్మీ దగ్గర నా పాప ఉంది. పద్నాలుగు నెలలది. కొత్తగా నడుస్తోందని వీడియో పంపారు. లారీలో కూర్చుని దాన్ని చూస్తూ ఉంటే సిగ్నల్ పోయింది. ఆ తర్వాత ఫోను ఒట్టి గడియారం.

పదిమందిలో తెలుగు వచ్చింది నాకొక్కదానికే. సుబేదార్ సాబ్‌ది హర్యానా. బోటు నడిపే నాయక్‌ది ఒడిశా. రేడియో చూసే సిగ్నల్‌మన్‌ది బీహార్. ఊళ్లో వాళ్లు ఏం చెప్పినా నా గుండా వాళ్లకి పోవాలి, వాళ్లు ఏం చెప్పినా నా గుండా ఊరికి రావాలి. రోజంతా ఇతరుల మాటలే మాట్లాడేదాన్ని. చీకటి పడ్డాక నా సొంత మాట చెప్పుకోవాలంటే మనిషి లేడు. పైఅంతస్తు వరండా చివర నిలబడి తూర్పు వైపు చూసేదాన్ని. గూడెం అటే. ఒక్క దీపం కూడా కనిపించేది కాదు.

బడి రెండంతస్తుల మేడ. మట్టి పోసి ఎత్తు చేసిన దిబ్బ మీద కట్టారు. ఊళ్లో అంతకంటే ఎత్తైనది ఇంకేమీ లేదు. మొదటి రోజు జనాన్ని బోట్లలో అక్కడికి తెస్తుంటే ఒక ముసలావిడ నా టోపీ వంకా, జడ వంకా మార్చి మార్చి చూసింది. పేరు సీతమ్మ.

"మిలట్రీ అంటే మీసాలుంటాయనుకున్నానమ్మా," అంది.

"మా నాన్నకి ఉన్నాయండీ. మా ఇంటికి ఆ ఒక్క జతే చాలన్నారు."

"ఏ ఊరేంటి మీది?"

"గూడెమండీ. మా నాన్న టైలరు. మస్తాన్ గారు."

"మస్తాన్ గారి అమ్మాయివా! మా కోడలి పెళ్లి జాకెట్లు ఆయనే కుట్టాడు. కుడి చెయ్యి బిగుతు."

"ఇంటికెళ్లాక అడుగుతాను లెండి."

"అడుగు. అయిదేళ్లయింది, ఇంకా ఊపిరాడట్లేదంట దానికి."

పక్కనున్న కోడలు నవ్వుతూ అత్త చెయ్యి గిల్లింది. ఆమే దుర్గ. చంకలో ఏడాది నిండని బాబు. చీర కుచ్చిళ్లు పట్టుకుని నాలుగేళ్ల కూతురు. పైఅంతస్తులో కిటికీ పక్క మూల వాళ్లది. ఆ మూలలో బాబు దోగాడుతుంటే నా కాళ్లు అక్కడే ఆగేవి.

"మీకు పిల్లలాండీ?" అని అడిగింది దుర్గ.

"ఒక పాప. మా అమ్మీ దగ్గరుంది."

"వదిలేసి ఎలా ఉంటారండీ?"

నేను మాట మార్చి, ఆమె భర్త ఎక్కడని అడిగాను.

"గట్టు మీదండీ. వల కాపలా. ఆయనక్కడుంటే నాకిక్కడ అన్నం దిగట్లేదు."

వల కాపలా అంటే ఏంటో నాకు తెలుసు. ఊరి చుట్టూ చేపల చెరువులే. వరదకి గట్లు మునిగితే చెరువులో చేపలు ఏట్లో కలిసిపోతాయి. అందుకని గట్టు పొడవునా వెదురు కర్రలు పాతి వలలు కడతారు. గట్టు కనిపించదు, నీటి మీద వల ఒక్కటే కనిపిస్తుంది, నీలం గోడలాగా. ఏడాది పెట్టుబడి ఆ గోడ లోపల ఉంటుంది. వల ఎక్కడ తెగినా కట్టడానికి అక్కడక్కడ మంచె మీదో, కొబ్బరిచెట్టు మొదట్లోనో ఒక మనిషి.

వాళ్లని దింపడమే మాకు అన్నిటికన్నా కష్టమైంది. రెండో రోజు పొద్దున బోటు వేసుకుని వల వెంట పోయాం. యూరియా సంచి నెత్తిన కప్పుకుని ఒకతను మంచె మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. దుర్గ భర్త, నాగేశ్.

"దిగండి, బడికి పోదాం," అన్నాను.

"మీరెళ్లండి మేడమ్ గారూ. నాకు ఈతొచ్చండీ."

"అందరూ అదే అంటారు."

"సమస్యల్లా చేపలకి కూడా వచ్చండీ. అందుకే కూర్చున్నా."

నేను నవ్వాను. నాయక్ ఏంటని అడిగాడు. హిందీలో చెప్పాను. అతనూ నవ్వాడు. నాగేశ్ కిందికి వంగి నాయక్‌కి బీడీ అందించాడు. "పిల్లలు భయపడుతున్నారండీ అని మా ఆవిడ అంటే, నేను సాయంత్రానికి వత్తానన్నానని చెప్పండి," అన్నాడు. సాయంత్రం రాలేదు. మళ్లీ వెళ్లి పిలిచాం. రేపన్నాడు. ఎవరినైనా బలవంతంగా దింపమని మాకు ఉత్తర్వు లేదు.

మూడో రోజు మధ్యాహ్నం ట్రాక్టరు బ్యాటరీకి ఫోన్లు తగిలించి ఛార్జింగ్ పెట్టుకుంటున్నారు. గాలి మళ్లినప్పుడు అప్పుడప్పుడు ఒక గీత సిగ్నల్ వచ్చేది. మూడున్నరకి అలా వచ్చి అయిదు నిమిషాలు ఉండి పోయింది. ఆ అయిదు నిమిషాల్లో ఒక ఆడియో వచ్చిపడింది. ఎవరో మగగొంతు. ఆయాసపడుతూ చెప్తున్నాడు. సముద్రంలో సునామీ పుట్టిందట. ఉప్పుటేరు గుండా కొల్లేట్లోకి తోసుకొస్తోందట. పొద్దుగూకేలోపు లంకలన్నీ ఖాళీ చెయ్యాలట. కన్నబిడ్డల మీద ఒట్టు, అబద్ధం కాదు అని ముగించాడు.

నేనప్పుడు వెనక గదిలో నర్సింగ్ అసిస్టెంట్‌తో నీళ్ల డ్రమ్ముల్లో క్లోరిన్ బిళ్లలు వేయిస్తున్నాను. నాకా ఆడియో చేరలేదు. నేను మెట్ల దగ్గరికి వచ్చి గోడ చూసుకునే వేళకి మేడంతా దాన్ని విని ఉంది.

నా వెనక ఎవరో అరిచారు. "నీళ్లు వెనక్కిపోతన్నాయిరోయ్!"

ఆ ఒక్క అరుపుతో మేడ కదిలింది. సునామీ ముందు నీళ్లు వెనక్కి పోతాయని ఆ ఊళ్లో అందరికీ తెలుసు. ఆ పెద్ద సునామీ అప్పుడు టీవీలో వంద సార్లు చూశారు. చూసింది నిజమే. నేర్చుకున్నదీ నిజమే. అది సముద్రం ఒడ్డున మాట. వాళ్లు నిలబడింది బడి మెట్ల మీద.

జనం ఒకరినొకరు తోసుకుంటూ మా బోట్ల మీదికి వచ్చారు. ఒకాయన మేకని బోటులోకి విసిరాడు. నాయక్ తాడు రెండు చేతులతో పట్టుకుని వెనక్కి ఒరిగి నిలబడ్డాడు. సుబేదార్ సాబ్ జనానికి అడ్డంగా చేతులు చాపి, వానలో తడుస్తూ నా వైపు చూశాడు.

"మేడమ్, వీళ్లకి ఏమైంది?"

చెప్పాను. ఆయన "నిజమా?" అన్నాడు.

"తెలియదు. ఏలూరుని అడగమనండి."

సిగ్నల్‌మన్ రేడియో అందుకున్నాడు. ఏలూరు కంట్రోల్ పలకడం లేదు. నేను వరండా పిట్టగోడ ఎక్కాను. ఏం చెప్పాలో అప్పటికి తెలియదు. తల పైన వానకి అడ్డంగా కట్టిన బరకం ఉంది. నీళ్లు నిండి గర్భిణి పొట్టలాగా కిందికి వేలాడుతోంది.

"ఇటు చూడండి!" అన్నాను. బరకం మీదికి నోటితో గట్టిగా ఊదాను. "గాలికి సముద్రం మీద అల లేస్తుంది. పైపైన ముడత అంతే." తర్వాత రెండు అరచేతులతో బరకాన్ని కింద నుంచి ఒక్కసారిగా పైకి నెట్టాను. ఆ నీళ్లన్నీ కదిలి ముందు వరసలో వాళ్ల మీద భళ్లున పడ్డాయి.

"ఓలమ్మో!" అన్నారెవరో. వెనకెవరో నవ్వారు. ఆ నవ్వే నాకు కావలసింది.

"ఇది సునామీ. సముద్రం అడుగున భూకంపం వచ్చి నేల పైకో కిందికో కదిలితే మీదున్న నీరంతా కదులుతుంది. అడుగున కొండచరియ విరిగిపడినా, అగ్నిపర్వతం పేలినా అంతే. వానకి రాదు, వరదకి రాదు. తుఫానుకి వచ్చేది ఉప్పెన. అది గాలి తోసే నీరు."

"భూకంపం వచ్చిందేమో మేడమ్ గారూ, మనకేం తెలుసు?" అన్నాడు మేక ఆసామి.

"రావచ్చండీ. దూరంగా వస్తే మన కాళ్ల కింద తెలియదు. అందుకే ఏలూరుని అడుగుతున్నాం. మీరొక్కటి చెప్పండి. అల నిజంగానే వస్తుంటే మీరు బోటులో ఉంటే మంచిదా, రెండో అంతస్తులో ఉంటే మంచిదా?"

మేక ఆసామి తల పైకెత్తి మేడ వంక చూశాడు.

"అల వచ్చినా పైనే ఉండాలి, రాకపోయినా పైనే ఉండాలి. ఇంతకంటే ఎత్తు ఈ చుట్టుపక్కల లేదు. బోటెక్కితే ఈ ఎత్తు నుంచి కిందికి దిగిపోయినట్టే. పైకి పదండి."

ముందు సీతమ్మ కదిలింది. "పదండ్రా, మస్తాన్ గారి అమ్మాయి చెప్తంది కదా," అని మోకాళ్లు పట్టుకుంటూ మెట్లెక్కింది. ఆవిడ వెనక ఇద్దరు, ముగ్గురు, తర్వాత అందరూ. మేక ఆసామి మేకని దించుకున్నాడు. అప్పుడు రేడియో గరగరలాడింది. సిగ్నల్‌మన్ ఒక చెవి మూసుకుని విన్నాడు. "భూకంపం లేదు. హెచ్చరిక లేదు. వదంతి. ఉన్నచోటే ఉండమంటున్నారు, మేడమ్."

దాన్ని తెలుగులో అరిచి చెప్పాను. పైనుంచి చప్పట్లు వినిపించాయి. నా కళ్లు మాత్రం సుద్దగీత మీదే ఉన్నాయి. నీళ్లు మూరెడు దిగాయి. సునామీ కాదు, సరే. మరి ఈ నీళ్లు ఎక్కడికి పోయాయి?

జనంలో చెరువులు లీజుకి తీసుకున్న ఆసామి ఒకాయన ఉన్నాడు. ఆయన్ని అడిగాను. "ఈ చుట్టుపక్కల ఖాళీ చెరువు ఏదైనా ఉందాండీ?"

"ఉందండీ. పడమటి చెరువు నాదే. వరదకి ముందే చేపలు పట్టించేసి, నీళ్లు తోడించి, సున్నం చల్లించి ఎండబెట్టాను. దాని గట్టు మునగకుండా మట్టి బస్తాలు పేర్పించి ఎత్తు చేయించా..." అని ఆగిపోయాడు. ఆయన ముఖంలోనే నాకు జవాబు కనిపించింది. వంద ఎకరాల ఖాళీ గొయ్యి. దాని గట్టు తెగింది. గట్ల మధ్య చిక్కిన ఇక్కడి నీళ్లన్నీ అందులోకి దూకుతున్నాయి.

"ఆ గట్టు మీద ఎవరున్నారు?"

"దానికీ పక్క చెరువుకీ ఒకటే గట్టండీ. వల కాపలా నాగేశ్..."

పైనుంచి సీతమ్మ గొంతు. నవ్వు లేని గొంతు. "అమ్మాయ్! మా దుర్గ కనపట్లేదు!"

పక్కింటామె చెప్పింది. ఆడియో వినగానే దుర్గ పిల్లలిద్దరినీ తీసుకుని వెనక వైపు దిగిందట. సీతమ్మ దోనె అక్కడ కట్టి ఉంది. తాటిమొద్దు తొలిచి చేసిన సన్నటి పడవ, ఒక మనిషి నిలబడి గెడవేస్తే చాలు కదులుతుంది. అల వచ్చేలోపు ఆయన్ని తీసుకొస్తానని చెప్పి, గట్టు వెంట దగ్గరిదారిన పోయిందట. పిల్లల్ని వదిలి వెళ్లమంటే, వదిలేసి ఎలా పోతానంది.

నాయక్ మోటారు లాగాడు. నేనూ, ఇంకో జవానూ ఎక్కాం. గట్టు వెంట పోతే వలలే, మోటారుకి చుట్టుకుంటాయి. అందుకని గడ్డి మధ్య పాయలోంచి చుట్టు తిరిగి పోయాం. అది దూరం. వాన కళ్లలో పడుతోంది. సగం దూరం పోయాక గడ్డి అవతలి పాయలో ఒక దోనె కనిపించింది. తలమీద ప్లాస్టిక్ పట్టా కప్పుకున్న మనిషి ఒక్కడే నిలబడి జోరుగా గెడవేస్తూ బడి వైపు పోతున్నాడు. మమ్మల్ని చూసి చెయ్యెత్తాడు. నేనూ చెయ్యెత్తాను. ఎవరో తెలియదు. సరైన వైపు పోతున్నాడు, ఒకడైనా క్షేమం అనుకున్నాను. దాటిపోయాం.

చప్పుడు ముందు వినిపించింది. లారీ రాళ్లు దింపుతున్నట్టు, ఆగకుండా. తర్వాత కనిపించింది. నీలం వల గోడలో ఒక చోట లారీ పట్టేంత సందు. నీళ్లు అటు వంగి జారుతున్నాయి. సందుకి ఇవతల వల ఇంకా నిలిచి ఉంది, లోపలికి ఉబ్బి ఉంది. ఆ ఉబ్బులో బోర్లాపడ్డ దోనె. దోనె పక్కన దుర్గ. ఒక మోచెయ్యి వల కన్నులోంచి అవతలికి దూర్చి వేలాడుతోంది. బాబు ఆమె భుజం మీద. కూతుర్ని కొంగుతో నడుముకి కట్టుకుంది.

తెగిన వల కొస ఒకటి మోటారుకి చుట్టుకుంది. మోటారు ఆగిపోయింది. బోటు పక్కకి తిరిగి జారడం మొదలైంది. జవాను తాడు విసిరాడు. మొదటిసారి తప్పింది. రెండోసారి నీళ్లలో నిలబడి ఉన్న కొబ్బరిచెట్టుకి పడింది. ఆ తాడు కొంచెం కొంచెం వదులుతూ వల దాకా దిగాం. నాయక్ కత్తితో మోటారు వదిలించడం మానేసి తెడ్డు తీసుకున్నాడు.

"మేడమ్, ఒక్క నిమిషం. అంతకంటే ఎక్కువసేపు చెట్టు ఆగదు."

బాబుని అందుకున్నాను. తర్వాత కూతురు. కొంగు ముడి తడిసి బిగుసుకుపోయింది, కోయాల్సి వచ్చింది. దుర్గ మోచెయ్యి వలలోంచి రాలేదు. వల కోశాం. ఆమె బోటులో పడింది. లేచి కూర్చుంది. పిల్లల వైపు చూడలేదు. సందు వైపు చూడలేదు. దక్షిణం వైపు, గడ్డి పైనుంచి, ఎక్కడో కనిపించనంత దూరంలో ఉన్న సముద్రం వైపు చూసింది.

"అలొచ్చేసిందాండీ?" అంది.

"అల లేదమ్మా. అది అబద్ధం."

"మరి ఆయనేడండీ? మంచె మీద లేడు."

అప్పుడు నాకు అవతలి పాయలో దోనె గుర్తొచ్చింది. ఎత్తిన చెయ్యి గుర్తొచ్చింది. "నాగేశ్ బడికి పోయాడు. మేము చూశాం. క్షేమంగా ఉన్నాడు," అన్నాను. ఆమె కళ్లు మూసుకుంది. నేను జీవితంలో ఎవరికైనా ఇచ్చిన అతి మంచి కబురు అదేనని ఆ క్షణాన అనుకున్నాను.

తెడ్లు వేసుకుంటూ అదే పాయలో మెల్లగా వెనక్కి వచ్చాం. గంట పట్టింది. దారంతా దుర్గ బాబు వీపు రుద్దుతూనే ఉంది. కూతురు నా లైఫ్ జాకెట్ బెల్టు పట్టుకుని నిద్రపోయింది. నా పాప ఎలా ఉందో తెలియదు. ఈ ఆడియో గూడెం కూడా పోయి ఉంటుందని మొదటిసారి తట్టింది. అమ్మీ దాన్ని విని ఏం చేసిందో.

బడి మెట్ల మీద సీతమ్మ నిలబడి ఉంది. మమ్మల్ని లెక్క పెట్టుకుంది. పిల్లలిద్దరు, దుర్గ. మళ్లీ లెక్క పెట్టుకుంది.

"వాడేడమ్మా?"

"ఇక్కడికి రాలేదాండీ?"

"వచ్చాడు. గట్టు తెగుతుంటే చూసి, చుట్టుదారిన పెళ్లాంబిడ్డల కోసం పరిగెత్తుకొచ్చాడు. దుర్గ నీకోసం గట్టుకెళ్లిందిరా అన్నాను. అంతే, ఎక్కిన మెట్టు దిగేశాడు. మిలట్రీ వాళ్లు ఎల్లారు, ఆగరా అన్నా. దగ్గరిదారిన పోతాను, ముందు నేనే చేరతానన్నాడు."

దగ్గరిదారి అంటే గట్టు వెంట దారి. సందు ముందు నుంచే పోతుంది. అతను వెళ్లిన దోవలో మేము రాలేదు. మేము వచ్చిన దోవలో అతను వెళ్లలేదు.

రెండో బోటులో తిరిగి వెళ్లాం. చీకటి పడేదాకా వెతికాం. పిలిచాం. సుబేదార్ సాబ్ కూడా పిలిచాడు, "నాగేశ్ భాయ్" అని.

మర్నాడు పొద్దున ఖాళీ చెరువు నిండి, ఉరవడి తగ్గాక దొరికాడు. ఆ చెరువులోనే. కబురు చెప్పడానికి పైకి వెళ్లాను. సుబేదార్ సాబ్ కూడా వచ్చాడు. నేను నోరు తెరిచేలోపు ఆయన టోపీ తీశాడు. దుర్గకి హిందీ రాదు. అర్థమైంది. ఆమె ఏడవలేదు. బాబుని సీతమ్మ ఒళ్లో పెట్టి కిటికీ దగ్గరికి వెళ్లి, మళ్లీ దక్షిణం వైపు తిరిగి నిలబడింది.

"ఒక్క అల వచ్చినా బాగుండేదండీ," అంది. "దేనికి పోయాడో చెప్పుకోవడానికి."

ఆ లంకలో ఇంకో వారం ఉన్నాం. బియ్యం పంచాం. పాముకాటు మనిషినొకణ్ణి ఏలూరు చేర్చాం. గట్టు సందుకి మట్టి బస్తాలు వేయించాం. ఇప్పుడు పిలిస్తే కాపలా మనుషులు మారు మాట్లాడకుండా బడికి వచ్చేవాళ్లు. వెళ్లే రోజు సీతమ్మ బోటు దాకా వచ్చింది. జాకెట్టు సంగతి ఆవిడ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

రెండు రోజుల సెలవిచ్చారు. ఏలూరులో రైలెక్కి గూడెం వచ్చాను. అమ్మీ తలుపు తీసింది. చంకలో పాప. నన్ను చూసి ముఖం తిప్పుకుంది, మళ్లీ చూసింది, చేతులు చాపింది. అంతా సవ్యంగా ఉందనుకున్నాను. భోజనాల దగ్గర నాన్న చెప్పాడు. ఆ ఆడియో ఇక్కడికీ వచ్చింది. నాన్న షాపులో ఉన్నాడు. అమ్మీ ఎవరికీ చెప్పకుండా పాపని ఎత్తుకుని ఏలూరు రైలెక్కేసింది. భీమడోలులో రైలు ఆగిపోయింది. రాత్రంతా ఆ ప్లాట్‌ఫారం మీద, వానలో, పాపతో. పొద్దున ఎవరో తెలిసినవాళ్లు చూసి వెనక్కి తీసుకొచ్చారు. పాపకి రెండు రోజులు జ్వరం.

"ఇల్లు వదిలి నీళ్లకి ఎదురొచ్చావా అమ్మీ?" అన్నాను. నా గొంతు నాకే తెలియనంత పెద్దగా వచ్చింది. "పాపని తీసుకుని? వచ్చి ఏం చేసేదానివి?"

అమ్మీ నా కంచంలో ఇంకో గరిటె అన్నం పెట్టింది. "చూసేదాన్నే," అంది. "దూరం నుంచైనా చూసేదాన్ని."

గొంతు తగ్గించి కంచం ముందుకి లాక్కున్నాను. ఆ మూడు రోజులూ వరండా చివర నిలబడి తూర్పుకి చూసినదాన్ని కదా. బోటు తాడు నా చేతిలో ఉండి, ఉత్తర్వు అడ్డం లేకపోతే నేనూ ఏ దారి పట్టేదాన్నో.

సర్వీసు గడువు అయ్యాక పొడిగింపు అడగలేదు. ఇప్పుడు నాకు ఇద్దరు. పాప మూడో తరగతి, బాబు ఎల్‌కేజీ. వాన గట్టిగా పడితే పడుకోలేను. లేచి వాళ్ల గది తలుపు తీసి చూస్తాను. వల గుర్తు రాదు, సందు గుర్తు రాదు. ఆ చెయ్యి గుర్తొస్తుంది. వానలో, గడ్డి పైన, పట్టా కింద నుంచి పైకి లేచిన చెయ్యి. భార్యాపిల్లల దగ్గరికి పోతున్నానన్న సంతోషం అందులో ఉంది. అది నాకు ఇప్పుడు తెలుస్తుంది.

మొన్న సాయంత్రం మా అపార్ట్‌మెంట్ గ్రూపులో అలాంటి ఆడియో ఇంకొకటి వచ్చింది. గొంతు వేరు, మాట అదే. నేను వంటింట్లో ఉన్నాను. పాప విన్నది. రాత్రి నా పక్కలోకి వచ్చి పడుకుని, "అమ్మీ, నువ్వు ఆఫీసులో ఉన్నప్పుడు అల వస్తే ఎలా? తమ్ముణ్ణి తీసుకుని నీ ఆఫీసుకి వచ్చేస్తాను. నాకు దారి తెలుసు," అంది. పొద్దున మాట్లాడుకుందామన్నాను. వాళ్లు పడుకున్నాక ఇది రాయడం మొదలుపెట్టాను.

పొద్దున ఇడ్లీలు పెట్టి ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను.

"నేల ఊగుతుంటే బల్ల కింద దూరి తల కాపాడుకోండి. ఆగాక బయటికి రండి. మనం సముద్రం దగ్గరుంటే, నేల చాలాసేపు ఊగినా, సముద్రం వెనక్కి పోయినా, ఎవరి ఫోను కోసమూ ఆగకండి. ఎత్తుకి పరుగెత్తండి. ఒక అల పోయిందని దిగకండి, ఇంకా వస్తాయి. ఇక్కడ వరదొస్తే ఎక్కడున్న వాళ్లు అక్కడే మేడ ఎక్కాలి. బడిలో ఉంటే బడి మేడ. టీచర్ చెప్పేదాకా దిగకూడదు. నన్ను వెతుక్కుంటూ రాకూడదు. నేనూ మీకోసం రాను."

పాప ఇడ్లీ ముక్క కింద పెట్టేసింది. "రావా?"

"రాను. నేనున్న చోట నేను ఎక్కుతాను. మీరున్న చోట మీరు ఎక్కుతారు. నీళ్లు పోయాక వస్తాను. ఎంతసేపైనా సరే, అప్పటిదాకా తమ్ముడి చెయ్యి వదలకు."